ఎనిమోన్ నడుస్తోంది, ఏం చేయాలి?

పోయిన నెల ఇంట్లో సముద్రపు నీటి ట్యాంకు పెట్టుకోవడం గురించి రాశాక వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒక్క జీవి చుట్టూనే తిరుగుతున్నాయి, అదే సీ ఎనిమోన్. చూడ్డానికి పువ్వులా ఉన్నా అది జంతువు, పగడాలకీ జెల్లీఫిష్‌కీ చుట్టం. ఉన్నది ఒక్కటే నోరు, తినేది దానితోనే, వ్యర్థాలు వదిలేసేదీ దానిలోంచే. ఎముక లేదు, మెదడు లేదు, ఒంటి నిండా నీళ్ళే, అందుకే నీళ్ళలో తేడా వస్తే ట్యాంకులో అందరికంటే ముందు దానికే తెలుస్తుంది. ఈ నెల పేజీ అంతా దానికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: అక్కా, విజయవాడలో బ్యాంకులో పనిచేస్తాను. 200 లీటర్ల రీఫ్ ట్యాంకు (పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంకు) పెట్టి నాలుగు నెలలైంది. పోయిన ఆదివారం బబుల్ టిప్ అనే జాతి ఎనిమోన్ తెచ్చి ముందువైపు రాయి మీద పెట్టాను. రెండు రోజులు బాగానే ఉంది. మూడో రాత్రి నుంచి నడవడం మొదలుపెట్టింది, ఇప్పుడు వెనక అద్దం మీద, వేవ్‌మేకర్‌కి (నీళ్ళని కదిలించే ఫ్యాను) జానెడు దూరంలో ఉంది. సాయంత్రమయ్యేసరికి ముడుచుకుపోయి నిమ్మకాయంత అవుతోంది. చాలా టెన్షన్‌గా ఉంది. తీసి మళ్ళీ ముందుకు పెట్టనా?

జవాబు: తమ్ముడూ, ఎనిమోన్ మీద చేయి వేయకండి. ముందు ఆ వేవ్‌మేకర్ స్విచ్ ఆపండి, మిగతాది తర్వాత చదవొచ్చు.

ఆపారు కదా. ఇంట్లో ఎనిమోన్లు పోయే దారుల్లో అన్నిటికంటే ఘోరమైనది ఇదే, రాత్రి నడుచుకుంటూ వెళ్ళి ఫ్యాను జల్లెడకి అతుక్కుంటుంది, తెల్లారి చూస్తే ముక్కలు ముక్కలుగా నీళ్ళంతా కలిసిపోయి ఉంటుంది, ఆ నీళ్ళలో చేపలు కూడా మిగలవు. కాబట్టి వేవ్‌మేకర్‌కి చుట్టూ స్పాంజి తొడుగో, సన్నటి ప్లాస్టిక్ మెష్షో కట్టాకే మళ్ళీ ఆన్ చేయండి. నీళ్ళు ఫిల్టర్‌లోకి పొంగిపోయే చోట ఉండే ఓవర్‌ఫ్లో దువ్వెనకి కూడా మెష్ కట్టండి. స్పాంజిని మూడు నాలుగు రోజులకోసారి కడగాలి, లేకపోతే చెత్త పేరుకుని ప్రవాహం తగ్గిపోతుంది. ఇది ఎనిమోన్ కొనకముందే చేయాల్సిన పని, కానీ దుకాణంలో ఎవరూ చెప్పరు.

ఇక నడక సంగతి. ఎనిమోన్ ఊరికే నడవదు. దాని అడుగుభాగాన్ని పాదం అంటాం, అది చప్పరించినట్టు రాయిని పట్టుకుని ఉంటుంది. బబుల్ టిప్‌కి కావాల్సింది ఏమిటంటే, పాదం చీకట్లో సందులో ఉండాలి, తల వెలుగులో ఉండాలి, నీళ్ళు దాని మీద మెల్లగా అటూ ఇటూ ఊగుతూ ఉండాలి, ఒకే వైపు నుంచి పైపుతో కొట్టినట్టు కాదు. మీరు పెట్టిన రాయి మీద పాదం దాచుకునే సందు ఉండి ఉండదు, లేకపోతే దుకాణంలో మసక వెలుగులో నెలల తరబడి ఉన్నదాన్ని తెచ్చి ఒకేసారి ఎల్‌ఈడీ కింద పెట్టి ఉంటారు. ఈ రెండే ఎక్కువగా కనబడే కారణాలు. లైటు బలాన్ని సగానికి తగ్గించి, వారానికి కొంచెం చొప్పున మూడు నాలుగు వారాల్లో పెంచండి. లోతైన సందు ఉన్న రాయి ఒకటి దాని దారిలో పెట్టండి. అది ఎక్కితే సంతోషం, ఎక్కకపోతే దానికి నచ్చిన చోటే ఉండనివ్వండి, పగడాలేమైనా దాని దారిలో ఉంటే వాటిని పక్కకి జరపండి, ఎందుకంటే దాని విషపు ముళ్ళు తగిలితే అవి కాలిపోతాయి. జరగాల్సింది పగడాలే, ఎనిమోన్ కాదు.

పీకడం మాత్రం ఎప్పుడూ వద్దు. పాదం చిరిగితే అక్కడి నుంచే కుళ్ళు మొదలవుతుంది. తప్పనిసరైతే, అంటే ఫ్యాను మీదికే ఎక్కేస్తోంది అనుకుంటే, ఒక చిన్న గొట్టంతో పాదం అంచు మీదికి నీళ్ళు చిమ్ముతూ ఉండండి, చిరాకుపడి అదే వదిలేస్తుంది. అరగంట పట్టినా పట్టనివ్వండి.

సాయంత్రం ముడుచుకోవడం జబ్బు కాదు. ఒంట్లో ఉన్న పాత నీళ్ళూ వ్యర్థాలూ బయటికి తోసేసి మళ్ళీ కొత్త నీళ్ళు నింపుకుంటుంది, ఆ సమయంలో గోధుమరంగు జిగురు లాంటిది నోట్లోంచి రావడం కూడా మామూలే. కొత్త చోటికి వచ్చినప్పుడు రోజుకి రెండు మూడు సార్లు కూడా చేస్తుంది. మళ్ళీ ఉబ్బుతోందా లేదా అన్నదే మీరు చూడాల్సింది. దాంతోపాటు నోరు చూడండి. టార్చి పట్టుకుని పైనుంచి, పక్కనుంచి ఓపిగ్గా చూస్తే టెంటకిల్స్ (రేకుల్లాంటి చేతులు) మధ్యలో చిన్న గీత కనబడుతుంది, బొత్తం కాజాలా, గట్టిగా మూసుకుని. అలా ఉంటే మీ ఎనిమోన్ బతుకుతుంది. అది వదులై, తెరుచుకుని, లోపలి నుంచి దూది పింజెల్లాంటివి బయటికి వేలాడుతుంటే పరిస్థితి బాగాలేదని. రోజంతా ముడుచుకునే ఉండి, మర్నాడూ అలాగే ఉండి, కుళ్ళిన వాసన వేస్తూ, తాకితే చీమిడిలా జారిపోతుంటే అది చనిపోయింది, వెంటనే తీసేసి సగం నీళ్ళు మార్చి, మలినాలు పీల్చే యాక్టివేటెడ్ కార్బన్ వేయండి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. నాలుగు నెలల ట్యాంకు ఎనిమోన్‌కి పసిగుడ్డు. కనీసం ఆరు నెలలు, నన్నడిగితే ఏడాది దాకా ఆగాలి. అమ్మోనియా, నైట్రైట్ సున్నా చూపిస్తే చాలనుకుంటారు చాలామంది, అది చేపకి చాలు. ఎనిమోన్‌కి కావాల్సింది ఈ రోజు ఎలా ఉందో రేపూ అలాగే ఉండే నీళ్ళు, ఆ నిలకడ రాళ్ళూ ఇసుకా పాతబడితేనే వస్తుంది. ఇప్పుడు తెచ్చేశారు కాబట్టి తిరిగి ఇచ్చేయమనను, కానీ వచ్చే మూడు నెలలు కొత్త చేపలు, కొత్త పగడాలు, కొత్త మందులు ఏవీ వద్దు. ఉప్పు (స్పెసిఫిక్ గ్రావిటీ లెక్కలో) 1.025 నుంచి 1.026 మధ్య, వేడి 25 నుంచి 27 డిగ్రీల మధ్య, ఆల్కలినిటీ (నీళ్ళ క్షారత, dKH లెక్కలో) 8 నుంచి 10 మధ్య ఎక్కడ ఉన్నా సరే, అక్కడే నిలబెట్టండి. రోజూ సరిచేస్తూ కూర్చుంటే అదే దాన్ని చంపుతుంది.

ప్రశ్న: హైదరాబాద్ కూకట్‌పల్లి నుంచి రాస్తున్నాను మేడమ్. ట్యాంకుకి రెండేళ్ళు. ఉప్పు, ఆల్కలినిటీ, కాల్షియం, నైట్రేట్ అన్నీ మీరు చెప్పిన అంకెల్లోనే ఉన్నాయి. ఎనిమోన్ ఏడాదిగా బాగుంది. రెండు నెలల నుంచి టెంటకిల్స్ సన్నబడి వాడిపోతున్నాయి, ఆహారం పెడితే పట్టుకోవడం లేదు. ఈ మధ్యే క్లీనర్ ష్రింప్ (చిన్న రొయ్య) చనిపోయింది, నత్తలు ఒక్కొక్కటే పోతున్నాయి. చేపలు మాత్రం హాయిగా ఉన్నాయి. వంటింటి ఆర్‌ఓ నీళ్ళే ఎప్పటి నుంచో వాడుతున్నాం.

జవాబు: మీ ప్రశ్నలోనే జవాబు ఉందమ్మా. చేపలకి ఏమీ కాలేదు, వెన్నెముక లేనివన్నీ వరసగా పోతున్నాయి. ఇలా కనబడితే నేను మొదట అనుమానించేది రాగిని. రెండు నెలల క్రితం ఆర్‌ఓ మెషిన్ మార్చారా, లేదా సర్వీసుకి వచ్చినతను కొత్త కార్ట్రిడ్జి వేసి వెళ్ళాడా, ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఈ మధ్య వస్తున్న చాలా మెషిన్లలో తాగే నీళ్ళలోకి కావాలనే రాగి కలిపే కార్ట్రిడ్జి ఉంటుంది. రాగిచెంబులో నీళ్ళు మంచివని మన ఇళ్ళలో ఉన్న నమ్మకమే దానికి మూలం. మనుషుల సంగతి అలా ఉంచండి, ఎనిమోన్‌కీ రొయ్యకీ నత్తకీ ఆ కాస్త రాగి కూడా విషమే. చేపలు మనకంటే కూడా తట్టుకుంటాయేమో అన్నట్టు తిరుగుతుంటాయి కాబట్టి మనకి అనుమానం రాదు.

ఇదే తప్పు ఇంకో దారిలో నా ఇంట్లోనే జరిగింది. చేపలకి తెల్లమచ్చలు వస్తే రాగి మందు వేయడం పాత పద్ధతి. అలా మందు వేసిన ట్యాంకు ఒకటి ఎవరో అమ్మకానికి పెడితే రాళ్ళతో సహా చవగ్గా వచ్చిందని కొన్నాను, మందు వాడిన సంగతి నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. రాళ్ళు రాగిని పీల్చుకుని నెలల తరబడి మెల్లగా వదులుతూనే ఉంటాయని అప్పటికి నాకు తెలియదు. ఆకుపచ్చ బబుల్ టిప్ ఒకటి, అరచేయంత ఉండేది, ఆ ట్యాంకులో పదకొండు రోజుల్లో పోయింది. చివరి రెండు రోజులు టెంటకిల్స్ అన్నీ చివర్ల దగ్గర మెలితిరిగి, కాలిన అగరొత్తి బూడిదలా వంగిపోయి ఉన్నాయి. మీరు రాసింది చదువుతుంటే నాకు అదే కళ్ళ ముందుకొచ్చింది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఇప్పుడు చేయాల్సింది. ఆ మెషిన్ నీళ్ళు ఈరోజే మానేయండి. రాగి సంగతి పక్కన పెట్టినా వంటింటి ఆర్‌ఓ ఎప్పుడూ రీఫ్ ట్యాంకుకి సరిపోదు, రుచి కోసం దానిలో మళ్ళీ ఖనిజాలు కలుపుతారు, చాలా వాటిలో టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల లెక్క) కంట్రోలర్ అని ఒక చిన్న మర ఉంటుంది, దాన్ని తిప్పితే ముడి నీళ్ళు కొంత నేరుగా కలుస్తాయి. మన బోరు నీళ్ళు 600, 800 టీడీఎస్ చూపిస్తాయి, వంటింటి ఆర్‌ఓ తర్వాత కూడా 40, 60 మిగులుతుంది. ట్యాంకుకి కావాల్సింది సున్నా. ఆర్‌ఓ తర్వాత, మిగిలిన లవణాల్ని పట్టేసే డీఐ రెజిన్ గొట్టం ఉన్న యూనిట్ కొనుక్కోండి, అంతవరకు ల్యాబులకి డిస్టిల్డ్ వాటర్ అమ్మే చోట తెచ్చుకోండి. వారం రోజుల్లో రెండు మూడు విడతలుగా పావు వంతు చొప్పున నీళ్ళు మార్చండి, కొత్త యాక్టివేటెడ్ కార్బన్ వేయండి, రాగిని పట్టే రెజిన్ అక్వేరియం దుకాణాల్లో దొరుకుతుంది, అది కూడా ఫిల్టర్‌లో పెట్టండి. మామూలు కాపర్ టెస్ట్ కిట్ మీద నమ్మకం పెట్టుకోకండి, మందు మోతాదు కొలవడానికి చేసినవి అవి, ఎనిమోన్‌ని చంపే కొద్దిపాటి రాగి వాటికి కనబడకపోవచ్చు.

ఇంకొక్కటి. ఉప్పు కలిపేటప్పుడు చలికాలంలో బకెట్‌లో ఇమ్మర్షన్ రాడ్ పెట్టి వేడి చేసే అలవాటు ఉందా? ఆ రాడ్ల మీద చాలావరకు ఉండేది రాగి గొట్టమే. ఉప్పునీళ్ళలో అసలు పెట్టకూడదు.

ప్రశ్న: మాది నెల్లూరు. రొయ్యలకి కొదవ లేదు కాబట్టి రోజూ ఒక రొయ్య తుంచి ఎనిమోన్‌కి పెడుతున్నాను. తింటుంది కానీ మర్నాడు పొద్దున్నే తెల్లగా ఉండలా కక్కేస్తోంది. జబ్బా?

జవాబు: అజీర్ణం. ఎనిమోన్ కడుపు నింపేది ప్రధానంగా వెలుగే. దాని కణాల్లో కంటికి కనబడనంత చిన్న నాచు కాపురం ఉంటుంది, పగలంతా వెలుగు తాగి చక్కెర తయారుచేసి ఇంటి యజమానికి ఇస్తుంది. మనం పెట్టేది పైన నంజుకోవడానికి మాత్రమే. వారానికి ఒకసారి, పెరగాలనుకుంటే రెండుసార్లు, ముక్క చిటికెన వేలి గోరంత ఉంటే చాలు. దాని నోరు ఎంత ఉందో అంతకంటే పెద్ద ముక్క ఎప్పుడూ పెట్టొద్దు. కక్కిన ఉండని వెంటనే పైపుతో లాగేయండి, లేకపోతే అది కుళ్ళి నైట్రేట్ పెరుగుతుంది. నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం మధ్య ఉండడం మంచిదే, పూర్తిగా సున్నా అయినా ఎనిమోన్ పాలిపోతుంది, కానీ రోజుకో రొయ్య అంటే 40 దాటిపోతుంది.

నెల్లూరు వాళ్ళకి రొయ్యల తెల్లమచ్చ వైరస్ గురించి నేను చెప్పక్కర్లేదు, చెరువులు ఖాళీ అయిపోవడం కళ్ళారా చూసినవాళ్ళు మీరు. ఆ వైరస్ ఎనిమోన్‌ని ఏమీ చేయదు, కానీ ఫ్రీజర్‌లో పెట్టినా చావదు, ట్యాంకులో క్లీనర్ ష్రింప్ గానీ పీతలు గానీ ఉంటే వాటికి అంటుకునే ప్రమాదం ఉంది. అలాంటివి ఉంటే రొయ్య మాని సముద్రపు చేప ముక్కో, కణవాయి (స్క్విడ్) ముక్కో పెట్టండి. ఉప్పూ పసుపూ తగలని ముక్క అయ్యుండాలి.

ప్రశ్న: కరీంనగర్ నుంచి. నాలుగు వేలు పెట్టి ఎనిమోన్ కొన్నది క్లౌన్ ఫిష్ అందులో ఉంటుందని. ఇరవై రోజులైనా అవి దాని దగ్గరికే పోతలేవు, పంపు పక్కన పండుకుంటున్నయ్.

జవాబు: పోతయి, పోకపోవచ్చు కూడా. ప్రపంచంలో వెయ్యికి పైగా ఎనిమోన్ జాతులుంటే క్లౌన్ చేపలకి ఇల్లిచ్చేవి పది మాత్రమే, అందులోనూ ఏ చేపకి ఏ ఎనిమోన్ అన్నది సముద్రంలో లెక్క ఉంది. మీ దగ్గరున్నది బహుశా నారింజ రంగు ఒసెల్లారిస్ క్లౌన్ అయ్యుంటుంది, అది సముద్రంలో బబుల్ టిప్‌లో కాపురం ఉండదు, దానివి వేరే పెద్ద జాతులు. ట్యాంకుల్లో మాత్రం చాలావరకు సర్దుకుంటుంది, కొన్నిటికి రెండు రోజులు, కొన్నిటికి ఏడాది. మీ చేపలు హేచరీలో పుట్టినవైతే ఎనిమోన్‌ని ఎన్నడూ చూసి ఉండవు. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ వాళ్ళు మండపం, విళింజం కేంద్రాల్లో క్లౌన్ చేపల్ని పిల్లలు చేయించి పెంచే పద్ధతి ఎప్పుడో సాధించారు, అలా పెంచిన చేపలు కొనడమే నాకిష్టం, సముద్రంలోంచి పట్టుకొచ్చినవాటికంటే గట్టిగా ఉంటాయి. వలతో తరిమి ఎనిమోన్‌లోకి తోయకండి. అసలు క్లౌన్ లేకపోయినా ఎనిమోన్‌కి లోటేమీ లేదు.

ప్రశ్న: అక్కా, విశాఖలో బీఎస్సీ జువాలజీ చదువుతున్నాను. రుషికొండ, తెన్నేటి పార్క్ రాళ్ళ దగ్గర ఆటు వచ్చినప్పుడు గుంటల్లో ఎనిమోన్లు కనబడతాయి. ఒకటి తెచ్చి హాస్టల్‌లో చిన్న ట్యాంకులో పెంచొచ్చా? సముద్రపు నీళ్ళు ఎలాగూ ఫ్రీ కదా.

జవాబు: నీ వయసులో నేనూ ఆ రాళ్ళ మీద గంటలు గంటలు కూర్చున్నదాన్నే, కాబట్టి నీ ఆశ నాకర్థమైంది. అయినా తేవద్దు తమ్ముడూ. ఆ గుంటల్లో బతికేవి రోజుకి రెండుసార్లు నీళ్ళు రావడం, పోవడం, ఎండ, అలల దెబ్బ, ఒంటికి అతికించుకున్న ఇసుకా గవ్వ ముక్కలూ, వీటి మధ్య పుట్టి పెరిగినవి. నీ హాస్టల్ ట్యాంకులో వాటికి ఇవేవీ ఉండవు. పైగా రాయి నుంచి విడదీసేటప్పుడే సగం పాదం రాయికే ఉండిపోతుంది. అక్కడే చూడు, రోజూ వెళ్ళు, ఆటుపోట్ల పట్టిక దగ్గర పెట్టుకుని పోటు అయిపోయి నీళ్ళు బాగా వెనక్కి తగ్గే పౌర్ణమి, అమావాస్య రోజుల్లో వెళితే ఎక్కువ రాళ్ళు బయటపడతాయి. ఒకే గుంటని ఒక ఏడాది పాటు చూసి నోట్సు రాసుకుంటే నీకు ఏ ట్యాంకూ నేర్పనంత వస్తుంది.

రాయి తెచ్చే ఆలోచన కూడా వద్దు. దాని మీద రాతి పగడం ఉంటే అది నేరమవుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో 2001లో రాతి పగడాల్ని చేర్చారు, పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది.

నీళ్ళ సంగతి. తీరం దగ్గర నీళ్ళలో నూనె, మురుగు కలిసి ఉంటాయి, అది ఒక ఎత్తు. రెండోది చాలామందికి తోచదు: బంగాళాఖాతంలో ఉప్పు ఏడాదంతా ఒకేలా ఉండదు. వర్షాకాలం అయ్యాక గంగా, మహానదీ తెచ్చిపోసిన మంచినీళ్ళు ఒడ్డు వెంబడే దక్షిణానికి దిగుతాయి, అక్టోబరులో విశాఖ ఒడ్డున తెచ్చిన నీళ్ళకీ ఏప్రిల్‌లో తెచ్చిన నీళ్ళకీ ఉప్పులో చాలా తేడా ఉంటుంది. ఊళ్ళో ఎవరైనా సముద్రపు నీళ్ళే వాడుతుంటే ప్రతి డబ్బానీ ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో కొలిచి వాడమని చెప్పు.

ప్రశ్న: ఒంగోలులో మే నెలలో కరెంటు పోతే ట్యాంకు 31 డిగ్రీలు దాటుతోంది. ఫ్యాను పెట్టినా తగ్గడం లేదు. ఎనిమోన్ రంగు కూడా పలచబడింది.

జవాబు: ఫ్యాను చల్లబరిచేది నీళ్ళు ఆవిరవడం వల్ల. హైదరాబాద్‌లో పొడి గాలికి రెండు మూడు డిగ్రీలు సులువుగా దిగుతుంది, మీ ఊళ్ళో ఒళ్ళంతా చెమట ఆరని గాలికి ఆవిరి ఎక్కడిది? కోస్తాలో ఎనిమోన్ పెంచాలంటే నీళ్ళు చల్లబరిచే చిల్లర్ కొనాలి, లేదా ట్యాంకు ఉన్న గదిలో వేసవి నాలుగు నెలలూ ఏసీ నడవాలి. ఇది ఖర్చుతో కూడుకున్న మాటే, కొనేముందే లెక్క వేసుకోవాల్సిన మాట. 30 దాటి కొన్ని రోజులుంటే లోపలి నాచు చెడి ఎనిమోన్ దాన్ని బయటికి గెంటేస్తుంది, రంగు పోవడం అంటే అదే. 1998లోనూ 2016లోనూ సముద్రం వేడెక్కి లక్షద్వీప్ పగడాలు తెల్లబడింది కూడా ఇలాగే.

కరెంటు పోయినప్పుడు ముందు చూడాల్సింది గాలి, ఎందుకంటే వేడి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది. బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఒకటి ఎప్పుడూ దగ్గరుంచుకోండి, ఇన్వర్టర్ ఉంటే వేవ్‌మేకర్‌ని దానికి కలపండి, లైట్లు అక్కర్లేదు. లీటరు సీసాల్లో నీళ్ళు గడ్డకట్టించి మూత బిగించి ఒక్కొక్కటే తేలేయండి, గంటకి ఒక డిగ్రీ కంటే వేగంగా దించొద్దు. ఐస్ ముక్కలు నేరుగా వేస్తే ఉప్పు పలచబడిపోతుంది. ఇగిరిపోయిన నీళ్ళ స్థానంలో ఉప్పునీళ్ళు పోయకండి, ఆవిరయ్యేది నీళ్ళే గానీ ఉప్పు కాదు, కాబట్టి ఉత్త ఆర్‌ఓ డీఐ నీళ్ళే పోయాలి. పలచబడిన రంగు తిరిగి వస్తుంది, రెండు మూడు నెలలు పడుతుంది, ఈలోగా లైటు కొంచెం తగ్గించి వారానికి రెండుసార్లు చిన్న ముక్క పెట్టండి.

ప్రశ్న: వరంగల్‌లో ఒక దుకాణంలో పాలలా తెల్లటి ఎనిమోన్, చివర్లు ఊదారంగు, చాలా అందంగా ఉంది. పక్కనే నిమ్మపండు పసుపు రంగుది కూడా ఉంది. ఏది తీసుకోవాలి?

జవాబు: రెండూ వద్దు. తెల్లగా ఉన్నది తనలోని నాచునంతా పోగొట్టుకుని ఆకలితో ఉన్నది. కొట్టొచ్చినట్టు పసుపు రంగులో ఉన్నదానికి రంగు అద్ది ఉండే అవకాశం ఎక్కువ, అలా అద్దేది కూడా చాలావరకు ఇలా తెల్లబడినవాటికే. ఆరోగ్యంగా ఉన్నదాని ఒంట్లో గోధుమరంగు నీడ ఉంటుంది, ఆ పైన ఆకుపచ్చో ఎరుపో ఉంటుంది. దుకాణంలో అది రాయికి గట్టిగా పట్టుకుని ఉందా, నోరు మూసుకుని ఉందా చూడండి. దుకాణం అతన్ని ఒక ముక్క పెట్టమనండి, టెంటకిల్స్ టక్కున అతుక్కుని ముక్కని నోటి వైపు లాక్కోవాలి. వచ్చి వారమైనా కాకపోతే ఇంకో వారం ఆగి మళ్ళీ వెళ్ళి చూడండి. వేరే ఎవరి ట్యాంకులోనో ఎనిమోన్ రెండుగా చీలితే వచ్చిన పిల్ల దొరికితే అన్నిటికంటే మంచిది.

ప్రశ్న: టెక్సాస్, ఫ్రిస్కో నుంచి. మా రోజ్ బబుల్ టిప్ నిన్న నీళ్ళు మార్చాక సాగిపోయి, ఈ రోజు పొద్దున చూస్తే రెండుగా ఉంది! మా పాప ఏడుపు ఆపడం లేదు, చచ్చిపోయిందని.

జవాబు: పాపని ఏడవద్దనండి, ఇప్పుడు ఇద్దరున్నారు. బబుల్ టిప్ నిలువునా చీలి రెండవుతుంది, అది దాని సంతానం. బాగా తిని పెరిగినప్పుడు చీలుతుంది, ఒక్కోసారి నీళ్ళు ఎక్కువగా మార్చినప్పుడు ఆ కుదుపుకి కూడా చీలుతుంది, మీది బహుశా రెండోది. రెండిటికీ ఒక పక్క చినిగిన బట్ట అంచులా ఉంటుంది, నోరు ఓ మూలకి జరిగి ఉంటుంది, వారం పదిరోజుల్లో గుండ్రంగా సర్దుకుంటాయి. అంతవరకు ఆహారం పెట్టకండి, లైటు మార్చకండి. విడిపోయినవి నడుస్తాయి కాబట్టి పంపు తొడుగులు మరొక్కసారి చూసుకోండి.

ప్రశ్న: అమ్మా, రాజమండ్రిలో రిటైరైన లెక్కల మాస్టారిని. మనవడి కోసం ట్యాంకు పెట్టాం, ఏడాదిన్నర అయింది, ఇప్పుడు ఎనిమోన్ తేవాలంటున్నాడు. అది ఎన్నేళ్ళు బతుకుతుందో చెప్పండి, నా తర్వాత కూడా వాడు చూసుకోవాలి కదా.

జవాబు: మాస్టారూ, కొనేముందు ఈ ప్రశ్న అడిగినవాళ్ళు నాకు మీరొక్కరే కనబడ్డారు. స్కాట్లండ్‌లో సర్ జాన్ డాలియెల్ అనే ప్రకృతి శాస్త్రవేత్త 1828లో ఒడ్డు రాళ్ళ మీది చిన్న ఎర్ర ఎనిమోన్ ఒకదాన్ని తెచ్చి గాజు జాడీలో సముద్రపు నీళ్ళు పోసి పెట్టాడు. అది వందల్లో పిల్లల్ని పెట్టింది, అందుకని దానికి గ్రానీ, అంటే అవ్వ అని పేరొచ్చింది. డాలియెల్ 1851లో పోయాడు. అవ్వ మాత్రం ఒకరి తర్వాత ఒకరి చేతికి మారుతూ ఎడిన్‌బరోలో 1887 దాకా బతికింది. పట్టుకొచ్చాక 59 ఏళ్ళు, అప్పటికి దాని వయసు ఎంతో వేరే. అప్పట్లో ఎల్‌ఈడీ లేదు, పంపు లేదు, టెస్ట్ కిట్ లేదు, శుభ్రమైన సముద్రపు నీళ్ళు క్రమం తప్పకుండా మార్చే మనుషులు ఉన్నారు.

మీరు తెచ్చేది వేరే జాతి, వేడి సముద్రాలది, దానికి వెలుగు కావాలి, పైన విజయవాడ తమ్ముడికి చెప్పినవన్నీ కావాలి. మీ ట్యాంకుకి ఏడాదిన్నర అంటున్నారు కాబట్టి తేవచ్చు. బబుల్ టిప్ పిల్ల తీసుకోండి, కార్పెట్ ఎనిమోన్ వద్దు, దాని ముల్లు గట్టిది, పిల్లవాడి చేతికి మంట పెడుతుంది, చేపల్నీ మింగేస్తుంది. ఏ ఎనిమోన్ అయినా ట్యాంకులో చేయి పెట్టేముందు గ్లవ్స్ వేసుకోమనండి, తర్వాత చేతులు కడగకుండా కళ్ళు నలుపుకోవద్దనండి. తెచ్చిన రోజు సంచి నీళ్ళలోకి మీ ట్యాంకు నీళ్ళు చుక్కచుక్కగా గంటసేపు పడనివ్వండి, ఆ తర్వాత పంపులు ఆపి సందు ఉన్న రాయి మీద వదిలి, అది పట్టుకునేదాకా పక్కనే కూర్చోండి. మనవడికి ఒక నోటుబుక్ ఇచ్చి రోజూ ఉప్పు, వేడి రెండే అంకెలు రాయించండి, గ్రాఫు గీయడం మీరు నేర్పిస్తారు.